తొమ్మిదోనాటి నీలం

మంత్రాలయం మునిగిన వరదకు పదిహేనేళ్ళు నిండాక వచ్చిన మాఘమాసంలో, ఒక మంగళవారం, ఆదోని కంటి ఆసుపత్రిలో గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. చుక్కలు వేసే అమ్మాయి పేరు కవిత. నా తల వెనక్కి వంచి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, దూది చేతికిచ్చి, "తాతా, నేను పిలిసేదాకా కండ్లు తెరవాకు. కనుపాప పెద్దదయితేనే డాక్టరమ్మకు లోపల కనపడేది" అంది. ఎంతసేపని నేను అడగలేదు. పక్కాయన అడిగితే "గంట పడ్తుంది" అని చెప్పింది. మంట పుట్టింది, కాసేపటికి తగ్గింది. రెప్పల వెనక మొదట ఎరుపు, తరువాత ఇటుకరంగు, ఆ తరువాత ఆరిపోయిన పొయ్యి. కళ్ళు మూసుకుంటే నాకు రెండు కళ్ళూ ఒకటే. తెరిస్తే కాదు. కుడి కంటితో చూస్తే మనిషికి చెవులుంటాయి, జుట్టు ఉంటుంది, నడుమ ముఖం ఉండే చోట బూడిద చల్లినట్టుంటుంది. మిగిలింది ఎడమ కన్ను. అదెట్లా ఉందో తెలుసుకోవడానికే పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి వచ్చాను. ఆ కన్ను డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతో బాగయింది అంటే తప్పు నాతో పనిచేసిన ఉచ్చీరప్పది. బాగు కాలేదంటే తప్పు నాది. ఈ సంగతి ఆ బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మకూ తెలియదు. చెప్పవలసినవాళ్ళకు నేను చెప్పలేదు, అడిగినవాళ్ళకూ చెప్పలేదు.

బయట పత్తి లారీ వెనక్కి వస్తున్న చప్పుడు. ఆదోనిలో ఎక్కడ కూర్చున్నా పత్తి లారీ వినపడుతుంది. ఆ పత్తే ఎక్కడెక్కడో తిరిగి నూలై, చిలపలు చిలపలుగా, చుట్టిన నూలు కట్టలుగా, మా అద్దకం షెడ్డుకు వస్తుంది. గోవిందన్న షెడ్డు అది. అంతకుముందు వాళ్ళ నాయనది. నలభై ఏళ్ళు నేను ఆ తొట్ల దగ్గరే ఉన్నాను. గోళ్ళు నీలం, గోళ్ళ సందుల్లో నీలం, నా పెండ్లాం హనుమక్క పిసికిన పిండిలోకి నా చెయ్యి పోతే రొట్టె నీలం. నీలిమందు ఊరికే నీళ్ళలో కరగదు. వేడినీళ్ళలో సోడా వేసి, హైడ్రోసు పొడి చల్లాలి. హైడ్రోసు ఏం చేస్తుందంటే నీళ్ళలో ఉన్న గాలినంతా తానే తినేస్తుంది. గాలి పోతేనే నీలిమందు కరిగి నూలు లోపలికి పోతుంది. దాన్ని తొట్టి తిరగడం అంటాం. నీలంగా ఉన్న నీళ్ళు పావుగంటలో పసుపుపచ్చగా తిరుగుతాయి, పైన రాగిరంగు తెట్టు కడుతుంది. తిరగకపోతే ఇంకో గుప్పెడు హైడ్రోసు. అప్పటికీ తిరగకపోతే ఇంకో గుప్పెడు. తిరగనని మొండికేసిన తొట్టిని నేను చూడలేదు. ముంచి తీసిన చిలప పచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ కంటి ముందరే నీలమవుతుంది, ఎన్ని వేలసార్లు చూసినా నేను అక్కడే నిలబడి చూసేవాణ్ణి. ఉచ్చీరప్ప నవ్వేవాడు. "తిమ్మన్నా, అది యాడికీ పోదులే, నీలమే అయితాది, పసుపయ్యేది ల్యా." వాడు కోసిగివాడు, పదిహేనేళ్ళు షెడ్డులో నాతో ఉన్నవాడు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నేను రంగు చూసేవాణ్ణి, వాడు ముంచేవాడు. నేను నోరు తెరవను, వాడు మూయడు. వాళ్ళ బర్రె ఈనడం, కూతురు పదో తరగతి, కోసిగిలో బోరు ఎండిపోవడం, పెండ్లాం అలిగి ఆస్పరిలో పుట్టింట్లో కూర్చోవడం, అన్నీ ఆ తొట్ల పొగలోనే విన్నాను. జవాబు చెప్పాల్సిన పని లేదు. వాడే అడిగి వాడే చెప్పుకునేవాడు.

కళ్ళు మూసుకుంటే హనుమక్కకు ముఖం ఉంటుంది. ఇంట్లో పటం ముందు నిలబడి కుడి కంటితో చూస్తే ముక్కుపుడక కూడా కనిపించదు. ఈ బల్ల మీద, ఈ చీకట్లో, ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా ఉంది. వరదప్పుడు మంత్రాలయం జనం ట్రాక్టర్లలో, లారీల్లో మా ఊరికి వచ్చి బడిలో దిగారు. ఆమె ఉప్పిండి చేసింది, గంగాళం నా నెత్తిన పెట్టి ముందు నడిచింది. అందరితో ఆమే మాట్లాడింది. ఏ వీధి, ఎంతమంది, ఆవు దొరికిందా, పత్రాలు తెచ్చుకున్నారా. నేను వెనక గంగాళం పట్టుకుని. చలికి వణుకుతున్న ఒక వంటాయనకు మా ఇంట్లోని కొత్త నీలం దుప్పటి తెచ్చి కప్పింది. అది ఇంకా సరిగా ఉతకని దుప్పటి. తెల్లారేసరికి ఆయన పంచె, జంధ్యం, వీపు అంతా నీలం. ఆమె పగలబడి నవ్వి, "ఏం చేసేది సామీ, మా యప్ప మాట్లాడడు, యాడ ముట్టుకుంటే ఆడ మరకేస్తాడు" అంది. ఆయన కూడా నవ్వాడు. నాలుగు రోజుల తరువాత నవ్వానమ్మా అన్నాడు. ఆమె పోయి నాలుగేళ్ళు. బ్యాంకులో, రేషను దగ్గర, ఆసుపత్రిలో, కిటికీ ముందు నా బదులు ఆమె నిలబడేది. "ఈయప్ప నోట్లో నూలుండ కుక్కుకున్నాడు, నన్నడుగు నాయనా." ఇప్పుడు కిటికీలో వాళ్ళు నన్నే చూస్తారు.

మొన్న శ్రావణంలో ఈ ఆసుపత్రికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా డాక్టరమ్మ నన్నే చూసింది. సంజన అని బోర్డు మీద ఉంది, చిన్నమ్మాయి. ఆ రోజు బస్సు నిండా ఉరుకుంద ఈరన్న భక్తులు, నిలబడే వచ్చాను. ఆమె కుడి కన్ను చూసి, ఎడమ కన్ను చూసి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా వచ్చారా అంది. తల అడ్డంగా ఊపాను. కుడి కన్ను ఇక మనం తెచ్చేది లేదు తాతా అంది. ఎడమ దాంట్లో కూడా మొదలయింది, దాన్నే కాపాడుకోవాలి. కంటి వెనక ఒక పొర ఉంటుందట. దానికి పొద్దస్తమానం వెలుతురు తగులుతుంది, నెత్తురులోంచి ప్రాణవాయువు తగులుతుంది. ఆ రెండూ కలిసి పొరను కొంచెం కొంచెంగా కాలుస్తాయి. వయసులో ఉన్నప్పుడు ఒళ్ళే దాన్ని ఆర్పుకుంటుంది, వయసు మళ్ళాక చాలదు. ఈ మాత్రలో సి విటమిన్, ఇ విటమిన్, జింకు, ఆకుకూరల్లో ఉండే పసుపు సారం ఉన్నాయి, కాల్చేదానికి అవి ఎదురుపోయి పొరను కాలనీకుండా చూస్తాయి. కాల్చే గాలిని ముందే తినేయడం. ఆ మాట నాకు అక్కడే అందింది. హైడ్రోసు. నలభై ఏళ్ళు చేత్తో చల్లిన హైడ్రోసును కంటికి మాత్ర కట్టి ఇస్తున్నారు. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఒక డాక్టరు చెప్పిన మాట నాకు అంతగా అర్థం కావడం అదే మొదలు. ఆ సంతోషంలో ఆమె ఆ తరువాత ఏం చెప్పిందో వినలేదు. పెదవులు కదిలాయి. నేను తొట్టి దగ్గర ఉన్నాను.

డబ్బా మీద రోజుకు ఒకటి అని ఉంది. అది చదివాను. మొదటి రోజు అన్నం తిని ఒకటి మింగి, కుడి కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు మీది గొళ్ళాన్ని చూస్తూ కూర్చున్నాను. పావుగంట. గొళ్ళెం అట్లాగే ఉంది. తొట్టి తిరగలేదు. ఇంకొకటి మింగాను. రాత్రి ఇంకొకటి. ఇందులో మొండితనం ఏమీ లేదు, నాకు తెలిసిన పని అది. గుప్పెడు చాలకపోతే రెండు గుప్పెళ్ళు. రోజుకు మూడు మాత్రలు. కడుపులో తిప్పేది. నోట్లో తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుండేది. మందు పని చేస్తోంది అనుకున్నాను. హైడ్రోసు కూడా ముక్కు పగలగొడుతుంది, వాసన రాని హైడ్రోసు గాలి తగిలి చచ్చిపోయిన హైడ్రోసు. మూడో నాడు ఏమీ లేదు. ఆరో నాడు ఏమీ లేదు. ఆ రోజులన్నీ మబ్బు. తొమ్మిదో నాడు షెడ్డు బయట దండెం మీద ఆరేసిన చిలపలు చూశాను. నీలం మెరిసింది. ఎన్నో ఏళ్ళుగా చూడని నీలం. ఒక్కొక్క పోగు వేరుగా నిలబడినట్టుంది. తిరిగింది, అనుకున్నాను. కన్ను తిరిగింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పుకునే మనిషి లేదు. ఉచ్చీరప్ప పక్కనే ఉన్నాడు, వాడికి నా కన్ను సంగతే తెలియదు, కుడి కన్ను పోయిన సంగతి షెడ్డులో ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే తొట్టి దగ్గరికి రానీయరు. ఇంటి దగ్గర కూర్చో తిమ్మన్నా అంటారు, గౌరవంగానే అంటారు. ఇంటి దగ్గర ఏముంది.

దుప్పట్ల నూలు అది. ఒకే ఆర్డరు, రెండు వాయిదాల్లో ముంచాం. మొదటి వాయిదాకు నాలుగు ముంపులు వేశాం. రెండో వాయిదా తొమ్మిదో నాడు. మూడు ముంపులయ్యాక ఉచ్చీరప్ప చిలపను కర్రమీద పైకెత్తి, "తిమ్మన్నా, ఇంకో ముంపు ఏయల్లా, సాలా?" అన్నాడు. ఎండ చిలప మీద పడుతోంది. నాకు నిండుగా కనిపించింది. "చాలు" అన్నాను. వాడు రెండోసారి అడిగాడు. వాడు అట్లా రెండోసారి అడగడం ఎప్పుడూ లేదు. "పక్కన పెట్టి చూడల్లా?" మొదటి వాయిదా చిలప ఒకటి తెచ్చి పక్కన పెట్టడం మా అలవాటు. నాకు తిరిగిన కన్ను ఉంది. చాలన్నాను కదా, అన్నాను. రెండు మాటలు ఎక్కువే మాట్లాడాను ఆ రోజు.

నెల తిరక్కముందే నేసినవాళ్ళు దుప్పటి తెచ్చి షెడ్డు బయట పరిచారు. సగం నుంచి కిందికి నీలం పలచబడి పాలిపోయింది. కొలిచి కోసినట్టు పట్టీ. గోవిందన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎవురు ముంచినారు?" అన్నాడు. "నేనే ముంచినా," అన్నాడు ఉచ్చీరప్ప. "మూడు ముంపులే. తిమ్మన్న సాలన్నాడు." గోవిందన్న నా వైపు తిరిగాడు. "అన్నావా తిమ్మన్నా?" అవునంటే ఎందుకన్నానో చెప్పాలి. అది చెబితే కన్ను సంగతి చెప్పాలి. నేను తొట్టి వైపు చూశాను. అబద్ధం ఆడలేదు. ఒక్క మాట కూడా ఆడలేదు. నా నోరు ఎట్లాంటిదో తెలిసిన గోవిందన్న ఆ మౌనానికి తనకు తోచిన అర్థం తీసుకున్నాడు. "నలభై ఏండ్లలో తిమ్మన్న కన్ను తప్పింది ల్యా. నువ్వు ముంపు ఎగ్గొట్టి ఆయప్ప మీద పెడతాండావా?" ఉచ్చీరప్ప ఒకసారే అడిగాడు నన్ను. "నువ్వన్నా సెప్పు తిమ్మన్నా." హనుమక్క ఉంటే నా బదులు చెప్పేది. ఆమె ఉంటే ఆ మాత్రలు మూడు మింగనిచ్చేదే కాదు. ఉచ్చీరప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. దసరా అయ్యాక కోసిగి జనంతో గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయల కోతకు పోయాడని విన్నాను, పెండ్లాంతో, పదో తరగతి చదివే కూతురితో. బడి మానిపించి తీసుకుపోయాడు.

అప్పటినుంచి షెడ్డులో తొట్లు ఉడికే చప్పుడు తప్ప ఏమీ లేదు. నెల రోజుల్లో డబ్బా ఖాళీ అయింది, మళ్ళీ కొనలేదు. మబ్బు వచ్చిన రోజు నీలం మళ్ళీ చచ్చిపోయింది కాబట్టి కొనలేదు. ఆ సంగతి నాకు నేను చెప్పుకోలేదు. నాకు నేను చెప్పుకున్నది వేరు. ఆ రోజు నా కన్ను తిరిగి ఉంది, నేను చూసింది సరిగ్గానే చూశాను, తరువాత ఉతుకులో ఉచ్చీరప్పే రంగు పోగొట్టి ఉంటాడు. ఈ మాట ఎన్నిసార్లు తిప్పి తిప్పి అనుకున్నానో. అన్నం తింటూ అనుకున్నాను. బస్సులో అనుకున్నాను. ఈ బల్ల మీద కళ్ళు మూసుకుని అనుకుంటూనే ఉన్నాను. తొమ్మిదో నాడు మబ్బు విడిచిందని, అంతకుముందు రాత్రి పెద్ద వాన పడి తెల్లారి ఎండ కడిగినట్టు కాసిందని, ఆ ఎండలో ఏ చిలప అయినా మెరుస్తుందని ఈ చీకట్లో ఇప్పుడే గుర్తుకొస్తున్నట్టు వస్తోంది. ఇప్పుడే రావడం కాదు. అప్పుడే తెలుసు.

"తిమ్మన్న తాతా, లెయ్."

కవిత చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. లోపల చీకటి, గడ్డం ఆనించే ఇనుప చట్రం, కంట్లోకి సూదిలాంటి వెలుతురు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఊపిరి కూడా వినపడేంత దగ్గర. ఆ తరువాత కాగితం తిరగేసింది.

"ఎడమ కన్ను శ్రావణంలో ఎట్లుందో అట్లే ఉంది తాతా. ముదరలేదు. మాత్రలు దినమూ వేసుకుంటాండావు కదా?"

తల ఊపితే సరిపోయేది. ఆమె రాసుకోబోయింది.

"లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దినానికి మూడు మింగినా. నెలకే అయిపోయినాయి. మళ్ళా కొనలేదు."

"మూడా? ఎందుకు?"

"తిరగలేదని."

ఆమెకు అర్థం కాలేదు. తిరగడం అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. హైడ్రోసు, తొట్టి, పావుగంట, గుప్పెడు. నాకు మాటలు అటూ ఇటూ పోయాయి, కానీ చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అప్పుడు నేను చెప్పిందాంట్లో సగం నీకు బాగానే అర్థమైంది. మిగతా సగం వినలేదు నువ్వు. ఇవి బాగు చేసే మాత్రలు కావు. పోయింది తేవు. ఉన్నదాన్ని పోకుండా నిదానం చేస్తాయి, అంతే. మూడు మింగితే మూడింతలు పని చెయ్యవు, కడుపు చెడుతుంది, ఒంట్లో రాగి తగ్గి నెత్తురు పలచబడుతుంది."

"ఎన్నాళ్ళకు తెలుస్తుంది?"

"నీకు తెలీదు. నాకూ తెలీదు. నీలాంటి కండ్లున్నోళ్ళు నూరుమంది ఉంటే ఐదేండ్లలో ఇరవై ఎనిమిది మందికి ముదురుతుంది. మాత్ర వేసుకుంటే ఇరవై మందికే. ఆ తప్పిన ఎనిమిది మందిలో నువ్వున్నావా లేదా అనేది ఐదేండ్లయినా ఎవురూ చెప్పలేరు. ఏమీ కాకపోతే అదే పని చేసినట్లు."

"తొమ్మిది దినాలకు రంగు బాగా కనపడింది నాకు."

"తొమ్మిది దినాలకు ఏమీ కాదు తాతా. తొమ్మిది నెలలకు కూడా నీలం మెరిసేది ఉండదు. ఎండ బాగుంది ఏమో ఆ పొద్దు."

నేను సరేనన్నాను. మళ్ళీ మాత్రలు రాసింది, దినానికి ఒకటి, అన్నం తిన్నాక. గళ్ళు గీసిన కాగితం ఒకటి ఇచ్చింది, నడుమ చుక్క. పొద్దున్నే ఒక్కో కన్ను మూసుకుని ఆ చుక్కను చూడాలి, గీతలు వంకర పోయినట్టు కనబడితే అదే రోజు రావాలి. బీడీ తాగుతావా అంది. హనుమక్క పోయిన ఏడాదే మానినానన్నాను. బయటికి వస్తే ఎండ కళ్ళలో సున్నం కొట్టినట్టుంది. తువ్వాలు ముఖం మీదికి లాక్కుని బస్సులో కూర్చున్నాను. ఎమ్మిగనూరు దాకా ఏమీ చూడలేదు. పక్కన కూర్చున్నామె ఏమైందప్పా అని అడిగింది. చుక్కలు, అన్నాను. ఆమె తన మరిది కంటి ఆపరేషను గురించి ఊరు వచ్చేదాకా చెప్పింది. వింటూ ఉన్నాను. ఎవరో మాట్లాడుతుంటే వినడం ఎన్ని నెలలకో.

మర్నాడు పొద్దున లేచి కాగితాన్ని గోడకు అంటించి చూశాను. కుడి కంటికి నడుమ గళ్ళే లేవు. ఎడమ కంటికి గీతలు నిలువుగానే ఉన్నాయి, ఒక మూల కొంచెం మెత్తబడ్డాయి, అంతే. రాత్రి మిగిలిన జొన్నరొట్టె తిని మాత్ర ఒకటి మింగి డబ్బా మూత పెట్టాను. గొళ్ళెం వైపు చూడలేదు. షెడ్డుకు పోయేసరికి గోవిందన్న గడప మీద టీ తాగుతున్నాడు.

"ఏం తిమ్మన్నా, నిన్న రాలేదే? యాడికి పోయింటివి?"

"ఆదోనికి. నా కుడి కన్ను లేదు గోవిందా. రెండేండ్లయింది. ఎడమది సగం. శ్రావణంలో ఆ దుప్పట్ల నూలుకు సాలన్నది నేనే. ఉచ్చీరప్ప రెండుసార్లు అడిగినాడు. పక్కన పెట్టి చూద్దామన్నాడు. వద్దన్నా."

గోవిందన్న టీ గ్లాసు కింద పెట్టాడు. నా ముఖం చూశాడు, ఏ కన్ను చూడాలో తెలియనట్టు.

"ఆ పొద్దే సెప్పింటే..." అని ఆపాడు. జేబులోంచి ఫోను తీసి, నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, మోగుతుండగా నా చేతిలో పెట్టాడు. "నువ్వే సెప్పు. నేను సెప్పను."

నేను ఫోను పట్టుకోవడం తక్కువ. తలకిందులుగా పట్టుకుంటే ఆయనే సరిచేశాడు. అవతల గాలి, ఆడవాళ్ళ మాటలు, ఎవరో దగ్గుతున్నారు, మిరపకాయల ఘాటుకు కావచ్చు.

"ఎవురూ?"

"నేను. తిమ్మన్నను."

"తిమ్మన్నా? నువ్వు ఫోన్లో మాట్లాడతాండావా? ఎవురన్నా పోయినారా ఏమి?"

"ఎవరూ పోలేదు" అన్నాను. "సాలన్నది నేనే, ఉచ్చీరా. నా కన్ను కనపడదు. గోవిందకు సెప్పినా."

అవతల ఏమీ లేదు. గాలి ఉంది, దగ్గు ఉంది, వాడు లేడు. వాడు మాట్లాడకుండా ఉండడం పదిహేనేళ్ళలో నేను వినలేదు. ఇంకేమైనా చెప్పమన్నట్టు గోవిందన్న చెయ్యి ఊపాడు. నేను చెప్పవలసింది అయిపోయింది. ఫోను చెవికి ఆనించుకుని తొట్టి పక్కనే నిలబడ్డాను.